ఎన్నేళ్లు ఉంటారో తేల్చుకుని ఇల్లు కొనండి

అమెరికాలో ఇల్లు కొనాలని అనుకుంటున్నారా? అయితే మీ ఇంట్లో ఈపాటికి ఒక ప్రశ్న చాలాసార్లు చర్చకు వచ్చి ఉంటుంది: వడ్డీ రేట్లు ఎప్పుడు తగ్గుతాయి? ఫ్రిస్కోలో ఉన్నా, ఎడిసన్‌లో ఉన్నా, షార్లెట్‌లో ఉన్నా అందరి చూపూ దానిమీదే. ఆ ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. 2021 జనవరిలో 30 ఏళ్ల స్థిర వడ్డీ రుణం సగటు రేటు 2.65 శాతానికి దిగింది. రెండేళ్లు తిరిగి మరికొన్ని నెలలు గడిచేసరికి, 2023 అక్టోబరులో, అదే రేటు 7.79 శాతానికి ఎక్కింది. 2025 ముగిసే నాటికి కూడా 6 శాతం పైనే ఉంది. 4 లక్షల డాలర్ల అప్పుకి 2.75 శాతం దగ్గర నెలకి 1,633 డాలర్లు కడితే సరిపోయేది, 6.5 శాతం దగ్గర 2,528 కట్టాలి. పక్కింటివాళ్లు నాలుగేళ్ల ముందు కొన్నారన్న ఒక్క కారణంతో మీకంటే నెలకి దాదాపు 900 డాలర్లు తక్కువ కడుతుంటే మనసు చివుక్కుమనడం సహజం.

అయినా ఈ అధ్యాయంలో నేను మీతో వాదించబోయేది ఒక్కటే. రేటు ఎటు పోతుందో మీ చేతిలో లేదు, ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కూడా. మీకు తెలిసేది, మీరు తేల్చుకోగలిగేది, ఈ ఇంట్లో ఎన్నేళ్లు ఉంటారన్నది. ఇప్పటి మార్కెట్లో లాభనష్టాలను అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేదీ అదే. ఎందుకో చూద్దాం.

రేట్లు అంతగా పెరిగితే ఇళ్ల ధరలు పడిపోవాలి కదా, మరి ఎందుకు పడలేదు? పాత ఇళ్ల యజమానులు కదలడం లేదు కాబట్టి. గృహరుణం ఉన్నవాళ్లలో ఇంచుమించు సగం మంది చేతిలో 4 శాతం లోపు రేటున్న అప్పు ఉంది. ఇల్లు అమ్మితే ఆ రేటు పోతుంది, కొత్త ఇంటికి 6 శాతం పైన కట్టాలి. అందుకని ఇల్లు ఇరుకైనా సర్దుకుంటున్నారు. 2021లో దేశమంతటా 61 లక్షల పాత ఇళ్లు చేతులు మారాయి; 2024లో 40.6 లక్షలే. 1995 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. కొనేవాళ్లు తగ్గినట్టే అమ్మేవాళ్లూ తగ్గడంతో ధర మాత్రం దిగలేదు. 2025 జూన్‌లో పాత ఇళ్ల మధ్యస్థ ధర 4,35,300 డాలర్లు, అప్పటికి అదే రికార్డు. దీని బరువు ఎవరి మీద పడిందో కూడా చూడండి: మొదటిసారి ఇల్లు కొంటున్నవారి మధ్యస్థ వయసు 2025లో 40 ఏళ్లకు చేరింది, మొత్తం కొనుగోలుదారుల్లో వారి వాటా 21 శాతానికి పడిపోయింది. మీరు ఇంకా కొనలేకపోతే ఆ లోపం మీలో లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. దేశవ్యాప్త అంకె చూసి తమ ఊరి గురించి నిర్ణయం తీసుకుంటారు. నిజానికి ఇప్పుడు అమెరికాలో ఒకటే రియల్ ఎస్టేట్ మార్కెట్ అన్నది లేదు. ఆస్టిన్‌లో ధరలు 2022లో శిఖరానికి చేరి ఆ తర్వాత గట్టిగా దిగాయి. ఫ్లోరిడాలో టాంపా, కేప్ కోరల్ లాంటి చోట్ల అమ్మకానికి బోర్డు పెట్టిన ఇళ్లు పెరిగి, అమ్మేవాళ్లు ధర తగ్గించాల్సి వస్తోంది. అదే సమయంలో న్యూజెర్సీ, కనెక్టికట్, ఒహాయో, ఇల్లినాయి ప్రాంతాల్లో ధరలు పెరుగుతూనే వచ్చాయి. తేడాకి ప్రధాన కారణం కొత్త కట్టడాలు. టెక్సస్, ఫ్లోరిడాల్లో ఖాళీ నేల దండిగా ఉంది, అనుమతులు త్వరగా వస్తాయి, బిల్డర్లు పోటీపడి కట్టేశారు. ఈశాన్య రాష్ట్రాల్లో ఆ వెసులుబాటు లేదు.

మన ఊళ్లలో స్థలం కొన్నవాళ్ల అనుభవం ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొన్నవాళ్లకి విలువంతా నేలలో ఉంటుంది, అందుకే ‘కొని పెట్టుకుంటే పెరుగుతుంది’ అనే నమ్మకం మనలో బలంగా నాటుకుంది. డాలస్ ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా వైపు మీరు కొనే ఇంటి ధరలో పెద్ద వాటా కట్టడానిదే. కట్టడం పాతబడుతుంది, రూఫ్, ఏసీ, వాటర్ హీటర్ మార్చాల్సి వస్తుంది. పైగా మీరు నాలుగేళ్లకు అమ్మడానికి పెట్టే రోజున అదే కమ్యూనిటీ తర్వాతి ఫేజ్‌లో బిల్డర్ సరికొత్త ఇల్లు, తక్కువ వడ్డీ ఆఫర్‌తో కలిపి, అమ్ముతుంటాడు. ఆ పోటీకి మీరు సిద్ధమేనా?

ఒక నమూనా లెక్క వేసుకుందాం. కాగితం మీద మీరే వేసి చూడండి, అప్పుడే నమ్మకం కుదురుతుంది. ఇల్లు 5.5 లక్షల డాలర్లు. 20 శాతం డౌన్ పేమెంట్, అంటే 1.1 లక్షలు. మిగతా 4.4 లక్షలు 6.5 శాతానికి 30 ఏళ్ల అప్పు. అసలు, వడ్డీ కలిపి నెలకి 2,781 డాలర్లు. ప్రాపర్టీ ట్యాక్స్ 2 శాతం అనుకుంటే నెలకి 917, ఇన్సూరెన్స్ 350, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుము 75. మొత్తం 4,123. రిపేర్లకి ఏడాదికి ఇంటి విలువలో 1 శాతం పక్కన పెడితే ఇంకో 458. అలాంటి ఇంటికే అద్దె 3,000 అనుకుందాం, అది ఏటా 3 శాతం పెరుగుతుందనీ అనుకుందాం. కొనేటప్పుడు క్లోజింగ్ ఖర్చులు 12 వేలు, అమ్మేటప్పుడు కమిషన్, ఇతర ఖర్చులు కలిపి 7 శాతం.

ఐదేళ్లకి అమ్మారనుకోండి. ఐదేళ్లలో లక్షా అరవై ఆరు వేల పైచిలుకు కంతులు కట్టి ఉంటారు, అప్పు తగ్గేది 28 వేలే. ఇంటి ధర పెరగకుండా అక్కడే ఉంటే, అద్దెకున్నవాళ్లకంటే సుమారు 1.06 లక్షల డాలర్లు వెనకబడి ఉంటారు. ధర ఏటా 3 శాతం పెరిగినా సుమారు 25 వేలు వెనకే. అదే ఇంట్లో, అదే 3 శాతం పెరుగుదలతో, పదేళ్లు ఉంటే? సుమారు 55 వేల డాలర్లు ముందుంటారు. ఇల్లు అదే, రేటు అదే, ఊరు అదే. మారింది ఏళ్ల సంఖ్య ఒక్కటే. ఈ లెక్కలో డౌన్ పేమెంట్ సొమ్ము వేరేచోట పెడితే వచ్చే రాబడిని కలపలేదు, ట్యాక్స్ ఏటా పెరగడాన్ని కలపలేదు; ఆదాయపు పన్నులో వచ్చే మినహాయింపునూ కలపలేదు. మీ ఊరి అంకెలు వేస్తే మలుపు తిరిగే సంవత్సరం ముందుకో వెనక్కో జరుగుతుంది. మలుపు ఉండటం మాత్రం ఖాయం.

‘అద్దె కడితే డబ్బు నీళ్లపాలే కదా’ అంటారా? ఈ మాట మీకు అందరూ చెప్పి ఉంటారు. పై ఇంటికి మొదటి ఏడాది వడ్డీ సుమారు 28 వేలు, ట్యాక్స్ 11 వేలు, ఇన్సూరెన్స్ 4,200, రిపేర్లు 5,500, హెచ్‌ఓఏ 900. కలిపితే దాదాపు 50 వేల డాలర్లు. ఇందులో ఒక్క డాలరు కూడా మీకు తిరిగి రాదు. అద్దెకి పోయేది 36 వేలు. రేటు 3 శాతం ఉన్న రోజుల్లో ఈ పోలిక ఇంటి వైపే మొగ్గేది, అందుకే ఆనాడు కొన్నవారి సలహా వారి కాలానికి సరైనదే. మీకు వర్తించేది మీ కాలపు లెక్క.

రెండో వాదన ఏజెంట్ల నుంచి, బిల్డర్ సేల్స్ ఆఫీసుల నుంచి వస్తుంది: ‘ఇప్పుడు కొనేయండి, రేటు తగ్గగానే రీఫైనాన్స్ చేసుకోవచ్చు.’ చేసుకోవచ్చు, నిజమే. కానీ రీఫైనాన్స్‌కి అప్పులో రెండు మూడు శాతం ఖర్చవుతుంది, ఆ రోజున మీకు ఉద్యోగం ఉండాలి, ఇంటి విలువ అప్పుకంటే తగినంత ఎక్కువగా ఉండాలి. 2023లో 7 శాతం పైన తీసుకుని ఏడాదిలో 5కి వస్తుందని ఆశపడినవారు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇవాళ్టి కంతు ఇవాళ్టి జీతంతో సౌకర్యంగా కట్టగలిగితేనే కొనండి; రేటు తగ్గితే అది అదనపు లాభం.

మరి 2008లాగా మార్కెట్ కుప్పకూలుతుందని ఆగేవాళ్ల సంగతి? 2006 నుంచి 2012 దాకా దేశవ్యాప్తంగా ధరలు పావు వంతుకు పైగా పడ్డాయి. అప్పట్లో ఆదాయం రుజువు లేకుండా, కొన్నాళ్లకు వడ్డీ ఎగిరిపోయే అప్పులు ఇచ్చారు, కట్టలేనివాళ్లు ఇళ్లు వదిలేశారు. ఇప్పటి యజమానుల్లో అత్యధికులది స్థిర వడ్డీ, చాలామందికి ఇంట్లో సొంత వాటా ఎక్కువ. అమ్మక తప్పని స్థితిలో ఉన్నవాళ్లు తక్కువ. కాబట్టి పదేళ్లు ఉండే కుటుంబం పతనం కోసం కూర్చోవడమూ, మూడేళ్లకు వెళ్లిపోయే కుటుంబం ‘అవకాశం జారిపోతుందేమో’ అని తొందరపడటమూ, రెండూ తప్పే. ఇప్పుడు చేయవలసిన పనులకు వద్దాం.

1. ముందు మీ ఏళ్లు రాసుకోండి. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా. పిల్లల బడి, ఉద్యోగం, ఇండియాలో తల్లిదండ్రులు, వీసా, ఈ నాలుగూ ఆలోచించి ‘ఈ ఊళ్లో ఇంకెన్నేళ్లు’ అని ఒక అంకె వేయండి. ఇద్దరి అంకెలూ దగ్గరగా లేకపోతే ఓపెన్ హౌస్‌లు చూడటం ఆపి, ముందు ఆ మాట తేల్చుకోండి. వీసా గురించి నిజాయతీగా ఉండాలి. భారతీయులకు ఈబీ-2, ఈబీ-3 గ్రీన్ కార్డుల వరస 2025లో కూడా 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. హెచ్-1బిలో ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. అరవై రోజుల్లో ఇల్లు మంచి ధరకు అమ్మగలమా? చాలా మార్కెట్లలో కష్టం. అంతమాత్రాన హెచ్-1బిలో ఉన్నవాళ్లు కొనకూడదని నేను అనడం లేదు. డౌన్ పేమెంట్, క్లోజింగ్ పోగా కనీసం ఆరు నెలల పూర్తి ఇంటి ఖర్చు బ్యాంకులో మిగిలేలా చూసుకోండి. అది మిగలకపోతే ఇల్లు చిన్నది చూడండి, లేదా ఏడాది ఆగండి. ఆగడం ఓటమి కాదు.

2. ఏ రకం అప్పు దొరుకుతుందో ఇల్లు చూడకముందే కనుక్కోండి. తక్కువ డౌన్ పేమెంట్‌తో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ రుణం 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివారికి, అంటే హెచ్-1బి వారికి కూడా, ఆగిపోయింది. పాత వీడియోలు చూసి దానిమీద ఆశ పెట్టుకోకండి. సంప్రదాయ కన్వెన్షనల్ రుణాలు వీసా ఉన్నవారికి ఇస్తున్నారు. 20 శాతం కంటే తక్కువ పెడితే పీఎమ్‌ఐ, అంటే అప్పిచ్చినవారికి రక్షణగా తీసుకునే బీమా, కట్టాలి. అప్పు ఇంటి అసలు విలువలో 80 శాతానికి వచ్చాక తీసేయమని అడిగే హక్కు మీకుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు డబ్బు పంపుతుంటే నెలల ముందే మొదలుపెట్టండి. అక్కడ ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకే పంపగలరు, ఇక్కడ బ్యాంకు ప్రతి జమకీ కాగితం అడుగుతుంది.

3. నెల కంతు అని చెప్పిన అంకెను నమ్మకండి, మొత్తం బిల్లు మీరే లెక్క కట్టండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటు ప్రాపర్టీ ట్యాక్స్‌లో కనిపిస్తుంది. కొత్త కమ్యూనిటీల్లో నీళ్లు, రోడ్ల కోసం మడ్, పిడ్ అనే అదనపు భారాలుంటాయి. అవి కలిస్తే ట్యాక్స్ 2.5 శాతం దాటడం వింత కాదు. కొత్త ఇంటికి ఇంకో ఉచ్చు ఉంది. మొదటి ఏడాది కౌంటీ రికార్డుల్లో ఖాళీ స్థలమే ఉంటే ట్యాక్స్ స్థలానికే వేస్తారు, ఎస్క్రో (ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం కంతుతో పాటు లెండర్ పట్టుకునే సొమ్ము) కూడా దాని ప్రకారమే లెక్కేస్తారు. మరుసటి ఏడాది ఇంటితో కలిపి వేసేసరికి పాత లోటు, కొత్త ట్యాక్స్ రెండూ కలిసి నెల కంతు ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. ‘ఇల్లు పూర్తయిన విలువ మీద ఎస్క్రో లెక్కించండి’ అని లెండర్‌ని మొదటే అడగండి. కొన్నాక హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి దరఖాస్తు మరిచిపోవద్దు. అది లేకపోతే ట్యాక్స్ విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకుండా ఉండే రక్షణ మీకు రాదు. న్యూజెర్సీలో సగటు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లే ఏడాదికి 10 వేల డాలర్ల పైన ఉంది. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రపోజిషన్ 13 వల్ల పన్ను విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు, అందుకే అక్కడ ఎక్కువ ఏళ్లు ఉన్నవారికే ఎక్కువ మేలు. ఇక ఇన్సూరెన్స్. వడగళ్లతో టెక్సస్‌లో, తుఫాన్లతో ఫ్లోరిడాలో ప్రీమియం ఎగబాకింది. కాలిఫోర్నియాలో స్టేట్ ఫార్మ్ 2023 మేలో కొత్త ఇంటి పాలసీలే ఆపేసింది. ఆఫర్ పెట్టకముందే ఆ చిరునామాకి కోట్ తెప్పించుకోండి, రూఫ్ డిడక్టిబుల్ ఎంతో చదవండి.

4. బిల్డర్ ఆఫర్‌ని విడదీసి చూడండి. 2025 జూన్‌లో కొత్త ఇళ్ల మధ్యస్థ ధర పాత ఇళ్లకంటే తక్కువగా నమోదైంది, సాధారణంగా అది తలకిందులుగా ఉంటుంది. బిల్డర్ల దగ్గర సరుకు పేరుకుందన్నమాట. బేరానికి ఇది మంచి కాలం. ‘4.99 శాతం’ అని బోర్డు కనిపిస్తే అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇది 30 ఏళ్లకా, రెండేళ్లకా? 2-1 బైడౌన్ అంటే మొదటి ఏడాది 2 శాతం, రెండో ఏడాది 1 శాతం తగ్గింపు, మూడో ఏడాది నుంచి పూర్తి రేటు. ఎక్కువ ఏళ్లు ఉండేవారు శాశ్వత తగ్గింపు అడగాలి. తక్కువ ఏళ్లు ఉండే అవకాశం ఉంటే ధరలోనే కోత అడగండి, అమ్మే రోజున అది మీకు అక్కరకొస్తుంది. తూర్పు ముఖం స్థలానికి బిల్డర్ అదనంగా అడిగితే, మీ తర్వాత కొనేవారు కూడా దిక్కు చూసేవారే అయితేనే ఆ డబ్బు తిరిగి వస్తుంది.

5. ఏజెంట్‌తో ఒప్పందం చదివి సంతకం పెట్టండి. 2024 ఆగస్టు 17 నుంచి, ఇళ్లు చూపించే ముందే ఏజెంట్ మీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ఫీజు అందులో రాయాలి. ఆ ఫీజు బేరమాడదగినది. చాలా రాష్ట్రాల్లో కమిషన్‌లో కొంత మీకు తిరిగి ఇవ్వడం చట్టబద్ధమే, మనవాళ్లలో ఇది మామూలే. తీసుకోండి. దానికోసం ఇంటిని ఎంచుకోకండి.

6. వెళ్లిపోయే దారి కూడా ఇప్పుడే ఆలోచించండి. ‘ఇండియా వెళ్తే అద్దెకి ఇచ్చేస్తాం’ అన్నది చాలామంది ఆఖరి సమాధానం. పై లెక్కలో 4,123 కట్టే ఇంటికి 3,000 అద్దె వస్తోంది. అందులో మేనేజ్‌మెంట్ కంపెనీకి 8 నుంచి 10 శాతం పోతుంది, మీరు అక్కడ ఉండరు కనుక హోమ్‌స్టెడ్ రక్షణ పోతుంది, కొన్ని హెచ్‌ఓఏలు అద్దెకివ్వడాన్నే పరిమితం చేస్తాయి. నిబంధనల పుస్తకం కొనేముందే అడిగి చదవండి. అమ్మాలనుకుంటే, గత ఐదేళ్లలో రెండేళ్లు మీరు స్వయంగా ఉన్న ఇంటి మీద లాభంలో దంపతులు కలిసి రిటర్న్ వేస్తే 5 లక్షల డాలర్ల దాకా, ఒంటరివారికి 2.5 లక్షల దాకా ఫెడరల్ పన్ను ఉండదు. ఇండియా వెళ్లిపోయి, పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే మాత్రం ఫిర్‌ప్టా చట్టం కింద అమ్మకపు ధరలో సాధారణంగా 15 శాతం ముందే పట్టుకుంటారు. లాభంలో కాదు, ధరలో. తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ నెలలు పడుతుంది. క్లోజింగ్ తేదీకి ముందే ఫారం 8288-బి ద్వారా తగ్గింపు కోరే వీలుంది, ఆ దరఖాస్తుకి కొన్ననాటి సెటిల్‌మెంట్ కాగితాలు, ఇంటికి చేయించిన పెద్ద మార్పుల బిల్లులు కావాలి. కొన్న రోజు నుంచే వాటిని ఒక ఫైలులో దాచండి.